వికీపీడియాలో నేను రాసింది వాళ్లు అమ్ముకుంటున్నారు, ఊరుకోవాలా?

ప్రశ్న: హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్నాం. ఆరేళ్లుగా తెలుగు వికీపీడియాలో కొండవీడు గురించీ, చుట్టుపక్కల ఊళ్ల గురించీ రాస్తున్నాను. ఎండలో కొండెక్కి, ఊళ్లో పెద్దవాళ్లను అడిగి, లైబ్రరీలో పాత పుస్తకాలు తిరగేసి రాసినవి. మొన్న మా మనవరాలు ఫోన్లో ఒక ట్రావెల్ వెబ్‌సైటు చూపించింది. నా వ్యాసం కామా పోకుండా అందులో ఉంది. మధ్యమధ్యలో హోటల్ గదుల ప్రకటనలు. పైన ఎవరిదో పేరు. కింద 'సర్వహక్కులూ మావే, కాపీ చేస్తే చట్టరీత్యా చర్య' అని బెదిరింపు. వికీపీడియా అన్న మాటే లేదు. అన్నట్టు, నా వ్యాసంలో ఒక పేరాకు 'మూలం కావాలి' అని ఎవరో గుర్తు పెడితే, ఇంకెవరో వచ్చి ఆ వెబ్‌సైటునే మూలంగా ఇచ్చి పోయారు! నేను ఉచితంగా రాస్తే వాళ్లు డబ్బు చేసుకోవడం దొంగతనం కాదా? కేసు వేయొచ్చా? పోనీ నా వ్యాసాలన్నీ వెనక్కి తీసేసుకోవచ్చా? రెండు వారాలుగా ఒక్క అక్షరం రాయలేదు.
— ఒక రిటైర్డ్ మాస్టారు, గుంటూరు

సమాధానం:

మాస్టారూ, మీకు నచ్చని మాట ముందే చెప్పేస్తాను. వాళ్లు డబ్బు చేసుకోవడం దొంగతనం కాదు. అందుకు అనుమతి ఇచ్చింది మీరే.

ఎప్పుడిచ్చానంటారా? మార్పులను ప్రచురించే బటన్ నొక్కిన ప్రతిసారీ ఇచ్చారు. ఆ బటన్ దగ్గర చిన్న అక్షరాల్లో నాలుగు ముక్కలు ఉంటాయి. బ్యాంకు ఫారాల్లో చిన్న అక్షరాలు మనం ఎలా చదవకుండా సంతకం పెడతామో, ఇవీ అలాగే చదవం. నేనూ మొదటి రెండేళ్లు చదవలేదు. అక్కడ ఉన్నదేమిటంటే, మీ రాతను క్రియేటివ్ కామన్స్ బీవై ఎస్ఏ 4.0 అనే లైసెన్సు కింద విడుదల చేస్తున్నారనీ, ఒకసారి ఇచ్చాక ఆ అనుమతి వెనక్కి తీసుకోలేరనీ. ఆ లైసెన్సు ప్రకారం మీ రాతను ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అచ్చేసి అమ్ముకోవచ్చు, ప్రకటనల మధ్య పెట్టుకోవచ్చు. మిమ్మల్ని అడగక్కర్లేదు, పైసా ఇవ్వక్కర్లేదు. కానీ రెండు షరతులున్నాయి. ఎక్కణ్ణుంచి తెచ్చారో చెప్పాలి. తెచ్చినదాన్ని, దానికి తాము చేసిన మార్పులతో సహా, అదే లైసెన్సుతో తర్వాతివాళ్లకు వదలాలి.

కృష్ణా డెల్టా మనిషికి ఇది కాలవతో చెబితే సులువు. బెజవాడ దగ్గర బ్యారేజీ నుంచి వదిలిన నీళ్లు అందరివీ. ఆ నీళ్లతో వరి పండించి రైతు అమ్ముకుంటాడు. 'నీళ్లు ఊరికే వచ్చాయిగా, ధాన్యం డబ్బుకెలా అమ్ముతావు?' అని ఎవరూ నిలదీయరు. అదే రైతు కాలవకు అడ్డంగా కట్ట వేసి 'ఈ నీళ్లు నావి, కిందికి వదలను' అన్నాడనుకోండి, శివారు రైతులు పలుగులు పట్టుకుని వస్తారు. వాళ్లది న్యాయమైన కోపం. మీ వెబ్‌సైటువాళ్లు నీళ్లు తోడుకున్నందుకు మీరు కోప్పడుతున్నారు. నాకు కోపం వచ్చింది మాత్రం వాళ్లు వేసిన కట్ట మీద. కింద రాసిన ఆ 'సర్వహక్కులూ మావే' ఉంది చూశారూ, అదీ కట్ట.

అసలు వ్యాపారానికి వాడకూడదని వికీపీడియా ముందే ఎందుకు అనలేదన్నది మీ తర్వాతి ప్రశ్న అయ్యుంటుంది. అలాంటి లైసెన్సులూ ఉన్నాయి. క్రియేటివ్ కామన్స్‌లోనే 'వ్యాపారానికి వీల్లేదు' అనే రకం ఉంది. వికీపీడియా తెలిసే దాన్ని వద్దనుకుంది. ఒక్కసారి బెజవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులు ఊహించుకోండి. పోటీ పరీక్షల గైడు వేసేవాడు వ్యాపారే. మీ అరండల్‌పేటలో నోట్సు జిరాక్సు తీసి పేజీకి ఇంత అని పుచ్చుకునే కుర్రాడూ వ్యాపారే. ప్రకటనలు వేసుకునే పత్రిక, ఫీజు తీసుకునే ట్యూషన్ మాస్టారు, పర్యాటకులకు కరపత్రం అచ్చేసే హోటలు, అందరూ ఏదో ఒక మేరకు వ్యాపారులే. వ్యాపారం వద్దంటే మీ కొండవీడు వ్యాసం వీళ్లెవరి చేతుల్లోంచీ జనానికి చేరదు. పైగా ఎక్కడిదాకా సేవ, ఎక్కడినుంచి వ్యాపారం అన్న గీత గీయడానికి కూర్చుంటే తెల్లారుతుంది.

ఇంకో కారణం ఉంది, అది నాకు మరీ ముఖ్యం అనిపిస్తుంది. ఈ అనుమతి మనల్ని వికీపీడియా నుంచి కూడా కాపాడుతుంది. 2002 ఫిబ్రవరిలో ఒక సంగతి జరిగింది. వికీపీడియా మొదలై అప్పటికి ఏడాది దాటింది. సైట్లో ముందు ముందు ప్రకటనలు రావచ్చన్న మాట ఒకటి బయటికొచ్చింది. స్పానిష్‌లో రాసే వలంటీర్లకు ఒళ్లు మండింది. మేం జీతం లేకుండా రాస్తుంటే మీరు ప్రకటనలు అమ్ముకుంటారా అని, అప్పటిదాకా రాసిన వ్యాసాలు మొత్తం ఎత్తుకుని సెవిల్ విశ్వవిద్యాలయం సర్వర్ మీద సొంత విజ్ఞాన సర్వస్వం పెట్టుకున్నారు. మీ బాధే వాళ్లదీ. తేడా ఏమిటంటే వాళ్లు మొత్తం కాపీ చేసుకుని వెళ్లిపోగలిగారు, ఎందుకంటే లైసెన్సు ఒప్పుకుంది. అదే ఏడాది వికీపీడియా చిరునామా డాట్ కామ్ నుంచి డాట్ ఆర్గ్‌కు మారింది. ఈనాటికీ అందులో ప్రకటనలు లేవు, విరాళాలతో నడుస్తోంది. మీ ట్రావెల్ సైటు వాడుకున్నదీ, ఆ స్పానిష్ వలంటీర్లు వాడుకున్నదీ ఒకటే తలుపు. ఒకరికి మూసేస్తే రెండోవారికీ మూసుకుపోతుంది.

ఇక వాళ్ల తప్పు సంగతి. ఎక్కణ్ణుంచి తెచ్చారో చెప్పలేదు. లైసెన్సు పేరు చెప్పలేదు. వేరెవరి పేరో తగిలించారు. తమది కానిదానికి తాళం వేశారు. లైసెన్సు షరతులు తప్పితే అనుమతి దానంతట అదే రద్దవుతుంది. అప్పుడు వాళ్లు చేస్తున్నది మామూలు కాపీరైట్ ఉల్లంఘనే. అంటే మీకు కోపం రావడం సబబే, కారణమే వేరు.

పేరు చెప్పడం మనకు కొత్తేమీ కాదు. వేమన పద్యాలు ఎంతమంది అచ్చేసి అమ్ముకోలేదు? 1829లో బ్రౌన్ దొర అచ్చేయించిన దగ్గర్నుంచి మన ఏలూరు రోడ్డు చిన్న పుస్తకాల దాకా. ఎవరు వేసినా, ఎంతకు అమ్మినా, నాలుగో పాదంలో వేమన పేరు ఉండి తీరుతుంది. మకుటం తీసేస్తే పద్యమే కుంటుతుంది మరి. వికీ వ్యాసానికి అలాంటి మకుటం లేదు. లేదు కాబట్టి లింకు రూపంలో దాన్ని తగిలించమంటోంది లైసెన్సు.

అయితే మాస్టారూ, ఆ లింకులో మీ పేరు కనబడాలని ఆశపడకండి. వికీపీడియా నిబంధనల ప్రకారం వ్యాసం పేజీకి లింకు ఇస్తే చాలు, రచయితల పేర్లన్నీ వేయనక్కర్లేదు. లింకు నొక్కి, అక్కడ చరిత్ర పేజీ తెరిచి, మీరు ఎప్పుడు ఏ వాక్యం చేర్చారో చూసే ఓపిక ఉన్నవాళ్లకే మీరు కనబడతారు. అలాంటివాళ్లు తక్కువే.

లింకు పెట్టమని ఆ సైటువాళ్లకు ఒక ఉత్తరం రాయండి. రాసేముందు మన ఇల్లు ఒకసారి చూసుకోండి. ఆ వ్యాసం నిజంగా ఎంతవరకు మీది? చరిత్ర పేజీలో మీ మార్పులు వేరుగా చూడండి. మన ఊళ్ల వ్యాసాల్లో జనాభా, కుటుంబాల సంఖ్య, భూముల లెక్కలు చాలావరకు 2011 జనగణన నుంచి ప్రోగ్రాము నింపినవి. అవి మీవి కావు. అంకెలకూ సంగతులకూ కాపీరైట్ లేదు, వాటిని చెప్పిన తీరుకే ఉంటుంది. కొండవీటిని కృష్ణదేవరాయలు 1515లో పట్టుకున్నాడన్న సంగతి ఎవరైనా రాసుకోవచ్చు. ఆ సంగతిని మీరు రాసిన నాలుగు వాక్యాలు మాత్రం మీవి. అందులో కొంత ఇంగ్లీషు వికీపీడియా నుంచి అనువాదం చేసి ఉంటే, అక్కడివాళ్లకు మీరూ క్రెడిట్ ఇచ్చి ఉండాలి. ఏం మార్చారో చెప్పే 'మార్పు సారాంశం' గడిలో 'ఇంగ్లీషు వికీ వ్యాసం నుంచి అనువాదం' అని లింకుతో రాశారా? రాయకపోతే ఇప్పుడు రాయండి. మన కాలికింద ముల్లు తీసుకున్నాకే ఎదుటివాడి కాలు చూడాలి.

తర్వాతది ఎవరు ఎవర్ని కాపీ చేశారన్న రుజువు. ఇది మీకు చాలా తేలిక. ప్రతి మార్పుకూ తేదీ, గంట, నిమిషం చరిత్ర పేజీలో ఉంటాయి. వాటికి తోడు ఆ సైటులో ఇంకో సాక్షిని వెతకండి. కొండవీడు ఏ జిల్లా అని రాసి ఉంది? 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు కొండవీడు పల్నాడు జిల్లాలోకి వెళ్లింది. వికీలో మీరో ఇంకొకరో మార్చి ఉంటారు. కాపీ కొట్టినవాళ్లు మళ్లీ వెనక్కి వచ్చి చూడరు. ఆ సైటులో ఇప్పటికీ గుంటూరు జిల్లా అనే ఉంటే, 2022కు ముందున్న మీ కూర్పు ఎత్తుకెళ్లారని అర్థం. మీరు తర్వాత దిద్దుకున్న అచ్చుతప్పులు అక్కడ దిద్దకుండా ఉంటే మరీ మంచిది. మన తప్పు మనకు సాక్ష్యం చెప్పడం ఇలాంటప్పుడే జరుగుతుంది. వికీలో పేజీ పక్కన 'శాశ్వత లింకు' అని ఉంటుంది, ఆ పాత కూర్పుకు అది తీసి దాచుకోండి. వాళ్ల పేజీ స్క్రీన్‌షాట్ తీయండి, తేదీ, పేజీ చిరునామా కనబడేలా. వెబ్ పేజీల పాత రూపాలను దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్‌వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో కూడా ఆ పేజీని భద్రపరచండి. మీ ఉత్తరం అందగానే వాళ్లు పేజీ మార్చేసి 'మేం ఎప్పుడూ అలా పెట్టలేదండీ' అనొచ్చు. ఈ పని మనవరాలికి అప్పజెప్పండి, పది నిమిషాల్లో చేసిస్తుంది.

ఉత్తరం ఎలా ఉండాలో మీకు చెప్పేంతవాణ్ణి కాను గానీ, కోపంలో ఉన్నప్పుడు అందరం కాస్త ఎక్కువ రాస్తాం. కాబట్టి ఇలా రాయండి:

'అయ్యా, మీ సైటులో ఫలానా పేజీలో ఉన్న పాఠ్యం తెలుగు వికీపీడియాలోని ఫలానా వ్యాసం నుంచి తీసుకున్నది. దాన్ని రాసినవారిలో నేనొకణ్ణి. నా వాడుకరి పేరు ఫలానా. మీరు దాన్ని వ్యాపారానికి వాడుకోవడంపై నాకు అభ్యంతరం లేదు. అయితే దాని లైసెన్సు క్రియేటివ్ కామన్స్ బీవై ఎస్ఏ 4.0. దాని ప్రకారం ఆ పేజీలో వికీపీడియా వ్యాసానికి లింకు, లైసెన్సు పేరు, దాని లింకు ఇవ్వాలి. మార్పులు చేసి ఉంటే ఆ సంగతి రాయాలి. ఆ పాఠ్యానికి సర్వహక్కులూ మీవేనన్న ప్రకటన తొలగించాలి. ఈ సవరణలు 30 రోజుల్లో చేయవలసిందిగా, లేదా ఆ పాఠ్యం తీసేయవలసిందిగా కోరుతున్నాను.'

30 రోజులు ఊరికే పెట్టలేదు. తప్పు జరిగిందని తెలిసిన 30 రోజుల్లోపు దిద్దుకుంటే, పోయిన అనుమతి మళ్లీ దానంతట అదే తిరిగి వస్తుందని 4.0 లైసెన్సులోనే ఉంది. దిద్దుకోడానికి దారి ఇచ్చారన్నమాట. 'దొంగలు', 'పోలీసులు' లాంటి మాటలు ఉత్తరంలో వద్దు. చాలా సైట్లలో ఈ పని చేసేది పేజీకి ఇంత అని జీతం తీసుకునే ఏ కుర్రాడో, కుర్రదో. 'ఇంటర్నెట్లో ఉన్నది అందరిదీ' అని నిజంగానే నమ్ముతుంటారు. యజమానికి సంగతే తెలియకపోవచ్చు.

ఇది అనుభవం మీద చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం పూట నేను తీసిన ఫొటో వికీమీడియా కామన్స్‌లో, అంటే వికీపీడియావాళ్ల ఉచిత ఫొటోల భాండాగారంలో, పెట్టాను. రెండేళ్లకు మా వీధి కిరాణా కొట్టులో గోడ మీద ఒక సంస్థ క్యాలెండర్‌లో అది కనబడింది. జనవరి, ఫిబ్రవరి పేజీ. మూలన వాళ్ల లోగో. నా పేరు లేదు. ఫోన్ చేస్తే అవతలాయన ఎంతో మర్యాదగా 'గూగుల్లో దొరికిందండీ, బాగుందని వేశాం, మీరు తీసిందా! భలే తీశారండీ' అన్నాడు. లైసెన్సు గురించి పావుగంట చెప్పాను. అంతా విని 'క్యాలెండర్లు కావాలాండీ?' అన్నాడు. పది పంపాడు. మరుసటి ఏడాది నుంచి ఫొటోల కింద పేర్లు వేయడం మొదలుపెట్టారు. కోర్టుకు పోయి ఉంటే ఇప్పటికీ వాయిదాలు తిరుగుతూ ఉండేవాణ్ణి, ఆ క్యాలెండర్లూ దక్కేవి కావు.

నెల గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే? సైటు ఏ కంపెనీ సర్వర్ మీద నడుస్తోందో వాళ్లకు రాయొచ్చు. సెర్చ్ ఇంజన్లకు కాపీరైట్ ఫిర్యాదు ఫారాలు ఉంటాయి. అమెరికాలో 1998లో వచ్చిన డీఎంసీఏ అనే డిజిటల్ కాపీరైట్ చట్టం పుణ్యమా అని అవి పెట్టారు. ఆ పేజీ వెతుకులాటలో కనబడకుండా పోతే ప్రకటనల ఆదాయమూ పోతుంది. వాళ్లకు తగిలేది అక్కడే. మన చట్టంలోనూ దారి ఉంది. బ్యారేజీ మీద రాకపోకలు మొదలైన 1957లోనే మన కాపీరైట్ చట్టమూ వచ్చింది. అందులో 52వ సెక్షన్ ప్రకారం, ఇతరులు పెట్టిన సమాచారానికి చోటిచ్చే సంస్థకు హక్కుదారు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, 21 రోజులు దాన్ని అందుబాటులో లేకుండా ఆపాలి. ఆలోగా కోర్టు ఉత్తర్వు తేవాల్సింది ఫిర్యాదు చేసినవాళ్లే. కాబట్టి మీరు రాసిన పేరాల మేరకే ఫిర్యాదు చేయండి. మొత్తం వ్యాసం నాదే అంటే అబద్ధమవుతుంది.

కేసు వేయొచ్చు. కాపీరైట్ రిజిస్టర్ చేయించుకోలేదే అని సందేహించక్కర్లేదు, రాయగానే హక్కు పుడుతుంది. 57వ సెక్షన్ ఆ రాత నాదని చెప్పుకునే హక్కును రచయితకు ప్రత్యేకంగా ఇస్తుంది. 62వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోట జిల్లా కోర్టులోనే దావా వేయొచ్చు, వాళ్ల ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే. అంటే గుంటూరు దాటక్కర్లేదు. కానీ వేయమని నేను చెప్పను. లాయరు ఫీజు, కాలం, టెన్షన్ ఒక పక్క. గెలిస్తే వచ్చేది ఇంకో పక్క: ఒక లింకు. ఉచితంగా ఇచ్చిన రాతకు నష్టం ఎంతని లెక్క కడతారు? అయినా పట్టుదల ఉంటే మంచి లాయరుతో ఒకసారి మాట్లాడండి. నేను లాయరును కాను.

వికీపీడియావాళ్లే కేసు వేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. వేయలేరు. వికీపీడియాను నడిపే, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న వికీమీడియా ఫౌండేషన్‌కు మీ వ్యాసం మీద యాజమాన్యం లేదు. కాపీరైట్ మీ దగ్గరే ఉంది, వాళ్లకూ మీరిచ్చింది అదే లైసెన్సు. వికీపీడియా అన్న పేరు, ఆ ముక్కల గోళం బొమ్మ మాత్రం వాళ్ల ట్రేడ్‌మార్కులు. ఆ సైటు గోళం పెట్టుకుని మేమే వికీపీడియా అంటే అప్పుడు వాళ్లు కదులుతారు. పెద్ద కంపెనీల విషయంలో వాళ్లు వేరే దారి పట్టారు. భారీ ఎత్తున, వేగంగా సమాచారం లాగేసుకునే సంస్థలకు 2021లో వికీమీడియా ఎంటర్‌ప్రైజ్ అని డబ్బులిచ్చి వాడుకునే సేవ పెట్టారు. అక్కడ డబ్బు తీసుకునేది సమాచారానికి కాదు, దాన్ని వేగంగా పద్ధతిగా అందించినందుకు. గూగుల్ మొదటి ఖాతాదారుల్లో ఒకటి. మీ ట్రావెల్ సైటు ఆ లెక్కలోకి రాదు లెండి.

ఇప్పుడు మీరు 'అన్నట్టు' అని మధ్యలో తేలిగ్గా చెప్పి వదిలేసిన ముక్కకు వస్తాను. మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టింది అదొక్కటే. మీ వ్యాసాన్ని కాపీ కొట్టిన సైటును మీ వ్యాసానికే మూలంగా చూపించారని రాశారు. అంటే మీరు చెప్పిన మాటకు మీరే సాక్షి, మధ్యలో వేషం మార్చుకుని వచ్చారు. చదివేవాడికి మాత్రం ఇద్దరు చెప్పినట్టు కనబడుతుంది.

2009 ఫిబ్రవరిలో జర్మనీలో గుట్టెన్‌బెర్గ్ అనే ఆయన కొత్తగా మంత్రి అయ్యాడు. జమీందారీ వంశం, ఆయన పేరులో పది దాకా పేర్లున్నాయి. ఒక ఆకతాయి జర్మన్ వికీపీడియాలో వాటి మధ్య 'విల్‌హెల్మ్' అని ఇంకొకటి ఇరికించాడు. హడావుడిలో ఉన్న పత్రికలు చూసి రాసేశాయి. ఒక పత్రికైతే మొదటి పేజీలో వేసింది. తర్వాత వికీపీడియాలో ఎవరికో అనుమానం వచ్చి ఈ విల్‌హెల్మ్‌కు మూలం ఏదని అడిగితే, వికీని చూసి రాసిన వార్తనే తెచ్చి చూపించారు. అక్కడ మంత్రి కాబట్టి, ఆయన్ను తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి కొద్దిరోజుల్లో బయటపడింది. మీ కొండ కింద ఊరికి అలా అడిగేవాళ్లు ఎవరున్నారు? మీరు 1515 బదులు 1551 అని కొట్టారనుకోండి. సైటువాళ్లు అదే వేస్తారు. దాన్ని చూసి ఒక యూట్యూబ్ కుర్రాడు చెబుతాడు. స్కూలు పిల్ల ప్రాజెక్టులో రాస్తుంది. రేపు మీరే తప్పు దిద్దబోతే, 'ఇన్నిచోట్ల 1551 అని ఉంటే మీరేమిటి మార్చేది' అని ఎవరో మిమ్మల్నే వెనక్కి తిప్పుతారు.

అందుకని ఉత్తరం కన్నా ముందు ఈ పని చేయండి. ఆ మూలాన్ని వ్యాసంలోంచి తీసేయండి. ఎందుకు తీశారో ఆ వ్యాసం చర్చ పేజీలో రెండు వాక్యాలు రాయండి: ఈ సైటు ఈ వ్యాసం నుంచే కాపీ చేసింది, ఫలానా తేదీ కూర్పు చూడండి అని. తెలుగు వికీ వాడుకరులందరూ మాట్లాడుకునే 'రచ్చబండ' పేజీలో కూడా ఒక మాట వేయండి, మిగతా వాడుకరులు ఆ సైటును వేరే వ్యాసాల్లో మూలంగా వాడకుండా ఉంటారు. చర్చ పేజీలో రాయడానికి ఇంకో అవసరం ఉంది. రేపు ఎవరో కొత్త నిర్వాహకుడు వచ్చి, రెండింటినీ పోల్చి, మీరే ఆ సైటు నుంచి కాపీ కొట్టారనుకుని మీ వ్యాసం తొలగించే ప్రమాదం ఉంది. ఇలా తిరగబడిన సందర్భాలు లేకపోలేదు.

ఆ 'మూలం కావాలి' గుర్తు పెట్టినవాళ్ల మీద కూడా మీకు కాస్త గుర్రుగా ఉన్నట్టుంది. వాళ్ల తప్పేమీ లేదు. ఊళ్లో పెద్దవాళ్లను అడిగి రాశానన్నారు. అది విలువైన పని, కానీ వికీపీడియా దానికి చోటు కాదు. అచ్చులో ఎక్కడో ఒకచోట వచ్చినదాన్నే అక్కడ రాయాలి. ఆ కబుర్లు ముందు ఏదైనా స్థానిక పత్రికకో, చరిత్ర సంచికకో మీ పేరుతో వ్యాసంగా ఇవ్వండి. అక్కడ మీ పేరు అచ్చవుతుంది, హక్కులూ మీ దగ్గరే ఉంచుకోవచ్చు. ఆ తర్వాత దాన్ని మూలంగా చూపిస్తే ఆ పేరాకు కాళ్లు వస్తాయి. అయితే మన రాతను మనమే ఉటంకించుకునేటప్పుడు చర్చ పేజీలో చెప్పి చేయడం మర్యాద.

వ్యాసాలు తీసేసుకోవచ్చా అన్నారు. కుదరదు మాస్టారూ. మీరు ఖాళీ చేస్తే పది నిమిషాల్లో ఎవరో వెనక్కి తెస్తారు, వినకపోతే మీ ఖాతా ఆపుతారు. తీసేసినా ఆ ట్రావెల్ సైటులో అది అలాగే ఉంటుంది. అప్పుడు లోకంలో మీ వ్యాసానికి మిగిలేది ఆ కాపీ ఒక్కటే, పాత జిల్లా పేరుతో, వేరేవాళ్ల పేరుతో.

మన పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు తెలుగులో విజ్ఞాన సర్వస్వం తేవాలని నడుం కట్టి, పని సగంలో ఉండగానే 1923లో పోయారు. రచయిత పోయాక 60 ఏళ్లు మన దేశంలో కాపీరైట్. ఆ గడువు ఎప్పుడో తీరింది. ఆయన రాసింది ఇవాళ మీరైనా నేనైనా అచ్చేసి అమ్ముకోవచ్చు. మీరు ఆ 60 ఏళ్లు ఆగకుండా ముందే ఇచ్చేశారు, అంతే తేడా.

మళ్లీ రాయడం ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మీ ఇష్టం. జిల్లాలు మారాక దిద్దాల్సిన ఊళ్ల వ్యాసాలు ఇంకా చాలా ఉన్నాయి. నాకు రాసిన ఉత్తరంతో పాటు మీరు పంపిన దిగుడుబావి ఫొటో చూశాను. అది ఇంకా కామన్స్‌లో లేదు, వెతికాను. ఎక్కించేటప్పుడు 'రచయిత' అన్న గడిలో వాడుకరి పేరు వేయకండి. నేను చేసిన పొరపాటు అదే. ఆ క్యాలెండర్‌వాళ్లు మరుసటి ఏడాది నా ఫొటో కింద నిజాయితీగా 'బెజవాడబుల్లోడు99' అని అచ్చేశారు. మీ పేరు ఇంటిపేరుతో సహా, తెలుగులో, ఎలా అచ్చులో పడాలనుకుంటున్నారో అలాగే రాయండి.